డాలు ఒక చేతిలో, గద ఒక చేతిలో: మంత్రం ఏ చేత్తో వేయాలి?

#1 గదాధరి

అందరికీ నమస్కారం. మా బృందం డంజన్స్ అండ్ డ్రాగన్స్ అనే పాత్రధారణ ఆట అయిదో ఎడిషన్ ఆడుతోంది, 2014 పుస్తకంతో. నేను ఆట నడిపే డీఎంని. దేవత శక్తితో మంత్రాలు వేసే మా క్లెరిక్‌కు ఎడమచేతిలో డాలు, కుడిచేతిలో గద. డాలు మీద తన దేవత చిహ్నం చెక్కించుకుంది. మొన్న ఆమె గాయం మాన్పే క్యూర్ వూండ్స్ మంత్రం వేయబోతే మా రోగ్ (దొంగ పాత్ర) ఆటగాడు ఆపాడు. రెండు చేతులూ నిండుగా ఉన్నప్పుడు ఎలా వేస్తారని అతని ప్రశ్న. అంతకుముందు రౌండులో దీవెన మంత్రం బ్లెస్ వేసినప్పుడు ఎవరూ అడ్డు చెప్పలేదు కదా, చిహ్నం డాలు మీదే ఉంది కదా అని క్లెరిక్ ఆటగాడి వాదన. ఆట ఆగకూడదని అప్పటికి ఒప్పుకున్నాను. ఇంటికి వచ్చి మంత్రాల అధ్యాయం చదివితే రెండు మంత్రాలకూ ఒకే జవాబు వచ్చేలా కనిపించడం లేదు.

వచ్చే ఆటకు ముందు ఇద్దరికీ స్పష్టమైన నిర్ణయం చెప్పాలి. డాలు పట్టిన చెయ్యి ఖాళీ చెయ్యి కింద లెక్కా, కాదా? మీ టేబుళ్లలో ఎలా నడుపుతున్నారు?

#2 శిలాఫలకం

జవాబు మంత్రం పేరు కింద ఉన్న అక్షరాల్లోనే ఉంది. వీ అంటే నోటి మాట, ఎస్ అంటే చేతి ముద్ర, ఎం అంటే సామగ్రి. ముద్రకు ఒక చెయ్యి ఖాళీగా ఉండాలి. సామగ్రి తీయడానికో, దాని బదులు వాడే ఫోకస్ అనే మంత్రసాధనం పట్టుకోవడానికో కూడా ఒక చెయ్యి కావాలి. అయితే సామగ్రిని పట్టిన చెయ్యే ముద్రను కూడా వేయవచ్చని పుస్తకం చెబుతోంది. మీ తగాదా అంతా ఈ చివరి వాక్యం దగ్గరే ఉంది.

క్లెరిక్, పాలడిన్ (దైవభక్తుడైన యోధుడు) తమ పవిత్ర చిహ్నాన్ని చేతిలో పట్టుకోవచ్చు, కనిపించేలా ధరించవచ్చు, డాలు మీద వేయించుకోవచ్చు. డాలు మీద ఉంటే డాలు చెయ్యే ఫోకస్ పట్టిన చెయ్యి. బ్లెస్‌కు మూడు అక్షరాలూ ఉన్నాయి. పవిత్ర జలం బదులు చిహ్నం సరిపోతుంది, ఆ చెయ్యే ముద్ర వేస్తుంది, గద కదలనక్కరలేదు. క్యూర్ వూండ్స్‌కు వీ, ఎస్ మాత్రమే ఉన్నాయి. అందులో సామగ్రి లేదు కాబట్టి ఫోకస్‌కు పని లేదు. పని లేనప్పుడు అది కేవలం చేతిని ఆక్రమించిన వస్తువు. కాబట్టి గదనో డాలునో దించాలి. నిబంధనల అధికారిక వివరణ అయిన సేజ్ అడ్వైస్ సంకలనంలో సరిగ్గా ఈ ఉదాహరణే ఉంది: గద, డాలు, క్యూర్ వూండ్స్. కాబట్టి పుస్తకం ప్రకారం రోగ్ ఆటగాడి అభ్యంతరం సరైనదే, క్లెరిక్ వేసిన బ్లెస్ కూడా సరైనదే.

మీ క్లెరిక్‌కు ఒక కాగితం మీద రాసి ఇవ్వండి. డాలు, గద దించకుండా వేయగలిగినవి: బ్లెస్, షీల్డ్ ఆఫ్ ఫెయిత్, శాంక్చువరీ, హోల్డ్ పర్సన్, స్పిరిట్ గార్డియన్స్. నోటితోనే అయ్యేవి: హీలింగ్ వర్డ్, కమాండ్, మాస్ హీలింగ్ వర్డ్. ఒక చెయ్యి ఖాళీ చేసుకోవలసినవి: క్యూర్ వూండ్స్, గైడింగ్ బోల్ట్, సేక్రెడ్ ఫ్లేమ్, ఇన్‌ఫ్లిక్ట్ వూండ్స్, స్పిరిచువల్ వెపన్, డిస్పెల్ మ్యాజిక్.

#3 కొత్తాటగాడు

నేను బాల్డర్స్ గేట్ 3 కంప్యూటర్ ఆట ద్వారా ఈ లోకంలోకి వచ్చాను. అందులో చేతుల లెక్కే లేదు. డాలు, ఆయుధం పట్టుకుని ఏ మంత్రమైనా వేయవచ్చు. అందుకే నాకు ఇది తలకిందులుగా అనిపిస్తోంది. సామగ్రి కూడా కావలసిన మంత్రం ఎక్కువ కష్టం కావాలి కదా? ఎక్కువ అవసరాలున్న బ్లెస్ సులువై, తక్కువ అవసరాలున్న క్యూర్ వూండ్స్ కష్టం కావడం ఏమిటి?

#4 శిలాఫలకం

మంచి ప్రశ్న. ఈ నిబంధన మీద వచ్చే అసంతృప్తిలో సగానికి మూలం ఇదే. నేను అర్థం చేసుకున్న తీరు చెబుతాను. ఎం ఉన్న మంత్రంలో ఆ వస్తువును ఆడించడమే ముద్ర. పూజారి హారతి పళ్లెం తిప్పుతున్నప్పుడు ఆ చేతిని ఎవరూ ఖాళీ చేయమనరు, ఎందుకంటే ఆ పళ్లెం తిప్పడమే క్రియ. ఎం లేని మంత్రంలో వేళ్లే పని చేయాలి, వేళ్లలో ఇంకేదీ ఉండకూడదు. ఇది పుస్తకంలో రాసిన కారణం కాదు, నా వివరణ. కానీ ఇలా చెప్పినప్పటి నుంచి మా టేబుల్ దగ్గర ఎవరూ తికమక పడలేదు.

#5 డాలస్_రాత్రులు

శిలాఫలకం గారి పఠనం అక్షరాలా సరైనదే. అయినా మా టేబుల్ దగ్గర నేను దాన్ని పాటించను, పాటించకూడదనే నా గట్టి అభిప్రాయం కూడా.

ఆచరణలో ఏం జరుగుతుందో చూడండి. వంతుకు ఒక వస్తువును యాక్షన్ (వంతులోని ప్రధాన చర్య) ఖర్చు లేకుండా తీయవచ్చు లేదా దాచవచ్చు. క్లెరిక్ గదను నడుముకు తగిలిస్తుంది, క్యూర్ వూండ్స్ వేస్తుంది, తరువాతి వంతులో గద తీసుకుంటుంది. ఇంకాస్త తెలివైనవారు గదను నేల మీద వదిలేస్తారు, మంత్రం వేస్తారు, ఉచితంగా దొరికే ఆ ఒక్క చర్యతో గదను తిరిగి ఎత్తుకుంటారు. చేతిలోది వదిలేయడానికి ఖర్చు లేదని చాలా టేబుళ్లు ఒప్పుకుంటాయి. ఇక నష్టం ఎక్కడ? నిబంధన తెలిసినవాడు ఏమీ కోల్పోడు, తెలియని కొత్త ఆటగాడు వంతు కోల్పోతాడు. అది నాకు అన్యాయంగా కనిపిస్తుంది. వారమంతా ఉద్యోగం చేసి శుక్రవారం రాత్రి మూడు గంటలు ఆడే మనుషులు ప్రతి వంతులో ఏ చేతిలో ఏముందో లెక్క చెప్పాలా? పవిత్ర చిహ్నం డాలు మీద ఉంటే ఆ డాలుతో ఏ క్లెరిక్ మంత్రమైనా వేయవచ్చు. మా నిర్ణయం అంతే.

#6 పాత_పాచికలు

నేను మూడున్నర (3.5) ఎడిషన్ కాలం నుంచి ఆడుతున్నాను. ఇది ఇవాళ పుట్టిన తగాదా కాదు.

ఈ ఆట సృష్టికర్తలు గైగాక్స్, ఆర్నెసన్ 1974లో తెచ్చిన మొదటి పెట్టెలోనే ఈ గీత ఉంది. మ్యాజిక్ యూజర్‌కు బాకు తప్ప మరో ఆయుధం లేదు, కవచం, డాలు అసలే లేవు. క్లెరిక్‌కు మాత్రం కవచం, డాలు రెండూ ఉన్నాయి, ఆయుధం మొద్దుది కావాలి. మంత్రశక్తి, డాలు ఒకే చోట చేరితే దానికి ఏదో వెల ఉండాలన్న ఆలోచన అప్పటిది.

2003 నాటి మూడున్నరలో ఆ వెలను అంకెల్లో రాశారు. విజార్డ్ (చదువుతో మంత్రాలు నేర్చిన పాత్ర) డాలు పట్టి ముద్ర ఉన్న మంత్రం వేస్తే అది విఫలమయ్యే అవకాశం: బక్లర్‌కు, తేలిక డాలుకు 5 శాతం, బరువు డాలుకు 15, టవర్ షీల్డ్‌కు 50. క్లెరిక్‌కు ఈ శాతాలు లేవు, కానీ ముద్రకు చెయ్యి కావాలి. అక్కడే ఆ ఎడిషన్ అందం నాకు కనిపించేది. తేలిక డాలు పట్టిన చేతిలో మరో వస్తువు మోయవచ్చు, దానితో కొట్టలేరు. కాబట్టి క్లెరిక్ గదను ఆ చేతికి మార్చి, ఖాళీ అయిన చేత్తో మంత్రం వేసేవాడు. బరువు డాలు చేతిని పూర్తిగా బంధిస్తుంది. తేలిక డాలుకు రక్షణ 1, బరువు డాలుకు 2. ఆ ఒక్క అంకె కోసం మంత్రాల సౌకర్యం వదులుకోవాలా అని ఆటగాడు అంగట్లోనే ఆలోచించేవాడు. ప్రతి వంతులో లెక్క చెప్పనక్కరలేదు, డాలు కొన్ననాడే తేలిపోయేది. డాలస్_రాత్రులు గారి ఫిర్యాదుకు అప్పట్లోనే ఒక మందు ఉంది.

మరొకటి. మూడున్నరలో మంత్రదండం వాడటానికి ముద్ర అక్కర్లేదు, ఒక మాట పలికితే చాలు. అందువల్ల డాలు పట్టిన విజార్డ్ కూడా దండంతో ఏ వైఫల్య శాతమూ లేకుండా మంత్రం వదిలేవాడు. అదే మంత్రం స్క్రోల్ అనే కాగితపు చుట్టలో రాసి ఉంటే శాతం మళ్లీ వచ్చి పడేది. ఇంత సూక్ష్మమైన తేడా తరువాతి ఎడిషన్లలో నాకు మళ్లీ కనిపించలేదు.

#7 నాలుగో_మెట్టు

పాత_పాచికలు గారు మూడున్నర దగ్గరే ఆగిపోయారు, నాలుగో ఎడిషన్ గురించి ఎవరో ఒకరు మాట్లాడాలి. 2008లో వచ్చిన ఆ ఎడిషన్‌లో మంత్రానికి చేతి ముద్రే లేదు. దండం, గోళం, కర్ర, రాడ్, పవిత్ర చిహ్నం లాంటి ఇంప్లిమెంట్లు ఉండేవి. వాటిలో మహిమ ఉంటే ఆ ప్లస్ (అదనపు అంకె) దాడికీ, దెబ్బకూ కలిసేది. చేతిలో లేకపోయినా మంత్రం పడుతుంది, ప్లస్ మాత్రం రాదు.

దీనివల్ల ప్రశ్నే మారిపోయింది. "వేయవచ్చా?" అన్నది పోయి "ఎంత బలంగా వేయవచ్చు?" అన్నది మిగిలింది. పవిత్ర చిహ్నం మెడలో వేసుకున్నా చాలు కాబట్టి పాలడిన్ బరువు డాలు, కత్తి పట్టుకునే ప్రార్థనలు చేసేవాడు. దండం పట్టేవాడికి మాత్రం ఒక చెయ్యి అక్కడికే పోయేది. తేలిక డాలు చేతిలో దండం ఉంచుకోవచ్చు, కానీ డాలు చేత్తో దాడి చేయకూడదని పుస్తకం స్పష్టంగా చెప్పింది. ఉంచుకోవడం వేరు, ప్రయోగించడం వేరు. ఈ తేడా మీద మా బృందంలో చాలా రాత్రులు వాదించుకున్నాం. చివరికి అందరం పుస్తకం పక్షాన నిలబడ్డాం, ఎందుకంటే దండం పట్టిన చెయ్యి డాలు చెయ్యి కూడా అయితే ఖాళీ చేతిలో మరో మహిమగల ఆయుధం వచ్చి చేరుతుంది.

స్వోర్డ్‌మేజ్ అనే తరగతి (పాత్ర రకం) దీనికి పూర్తి వ్యతిరేక దారి. ఒక చేతిలో కత్తి పట్టి రెండో చేతిని ఖాళీగా ఉంచితే రక్షణకు 3 కలుస్తుంది, లేకపోతే 1 మాత్రమే. ఖాళీ చెయ్యే అతని డాలు. ఏ ఎడిషన్‌లోనూ ఇంతకంటే చక్కని పరిష్కారం నేను చూడలేదు.

#8 విశాఖ_విజార్డ్

క్లెరిక్ సంగతి పక్కన పెట్టి, డాలు పట్టే విజార్డ్ సంగతి చూద్దాం. డాలస్_రాత్రులు గారి సడలింపు అందరికీ వర్తిస్తే అసలు ప్రమాదం అక్కడ ఉంది.

2014 నిబంధనల్లో శిక్షణ లేని కవచమో డాలో ధరిస్తే మంత్రమే పడదు. అందుకే విజార్డ్ ఒక లెవెల్ క్లెరిక్ గానో, ఆర్టిఫిసర్ (మహిమగల వస్తువులు చేసే పాత్ర) గానో తీసుకుంటాడు. దానితో మీడియం కవచం, డాలు వచ్చేస్తాయి. హాఫ్ ప్లేట్ 15, చురుకుదనం 2, డాలు 2, మొత్తం 19. ఎదుటివాడికి దాడిలో ప్లస్ 5 ఉంటే 20 ముఖాల పాచికలో 14 లేదా అంతకంటే ఎక్కువ పడాలి, అంటే 35 శాతం. ఇప్పుడు షీల్డ్ మంత్రం రియాక్షన్‌గా (ఎదుటివాడి వంతులో చేసే ప్రతిచర్యగా) వేస్తే రక్షణ 24, తగిలే అవకాశం 10 శాతం. మొదటి వరుస యోధుడి కంటే విజార్డ్ గట్టివాడైపోతాడు.

దీన్ని పట్టి ఆపేది చేతుల నిబంధన ఒక్కటే. షీల్డ్ మంత్రానికి వీ, ఎస్ మాత్రమే ఉన్నాయి. ఒక చేతిలో డాలు, మరో చేతిలో దండం పట్టుకున్న విజార్డ్ దాన్ని వేయలేడు. రియాక్షన్ కదా, ఎదుటివాడి వంతులో దండం దాచుకునే వీలు లేదు. ఎదుటివాడి మంత్రాన్ని అడ్డుకునే కౌంటర్‌స్పెల్‌కు ఎస్ ఒక్కటే ఉంది, అదీ పడదు. తన వంతు ముగిసే లోపే ఏది ముఖ్యమో తేల్చుకోవాలి.

డాలు పట్టే విజార్డ్ తప్పించుకునే దారి కూడా ఒకటుంది, దాన్ని దాచడం న్యాయం కాదు. దండం బదులు నడుముకు సామగ్రి సంచి కట్టుకోవాలి. చెయ్యి ఖాళీగా ఉంటుంది. ఎం ఉంటే సంచిలోంచి తీస్తుంది, లేకపోతే ఉత్త చేత్తో ముద్ర వేస్తుంది. దండం 10 బంగారు నాణేలు, సంచి 25. దండం గొప్పగా కనిపిస్తుంది కానీ డాలు పట్టేవాడికి సంచే మేలు. అయితే వాండ్ ఆఫ్ ద వార్ మేజ్ లాంటి మహిమగల దండం దొరికితే మాత్రం మనసు లాగుతుంది, ఎందుకంటే అది చేతిలో ఉన్నంతవరకే మంత్రదాడికి ప్లస్ ఇస్తుంది. డాలు రక్షణా, దండం బలమా, ఖాళీ చేతి స్వేచ్ఛా? మూడింటిలో రెండే దొరుకుతాయి. డాలస్_రాత్రులు గారూ, ఈ ఎంపికను తీసేస్తే ఆటలో మిగిలేది ఏమిటి?

#9 డాలస్_రాత్రులు

విశాఖ_విజార్డ్ గారూ, నేను సడలించింది డాలు మీద పవిత్ర చిహ్నం ఉన్న క్లెరిక్, పాలడిన్‌లకు మాత్రమే. విజార్డ్‌కు చిహ్నం లేదు. దండం, డాలు, షీల్డ్ మంత్రం ఒకేసారి మా టేబుల్ దగ్గరా కుదరవు. క్లెరిక్‌కు ఆ తరగతి మొదటి లెవెల్‌లోనే డాలు ఇచ్చింది, డాలు మీద ఫోకస్ ఇచ్చింది. దేవత గుర్తు పట్టుకుని గాయం మాన్పలేకపోవడం కథగా చూసినా నాకు మింగుడు పడదు. ఆ మాట మీద నేను ఉన్నాను.

#10 గదాధరి

చాలా విషయాలు తెలిశాయి, అందరికీ కృతజ్ఞతలు. మా క్లెరిక్ ఆటగాడు ఈ చర్చ చదివి రెండు ప్రశ్నలు పంపాడు. నాలుగో లెవెల్‌లో వార్ కాస్టర్ ఫీట్ (పాత్రకు వచ్చే అదనపు నైపుణ్యం) తీసుకుంటే చాలా? మెడలో తాయెత్తు వేసుకుంటే డాలు మీద చిహ్నం అక్కర్లేదా?

#11 శిలాఫలకం

వార్ కాస్టర్ ఉంటే రెండు చేతుల్లో ఆయుధం, డాలు ఉన్నా ముద్ర వేయవచ్చు. క్యూర్ వూండ్స్ సమస్య తీరిపోతుంది. దానితో పాటు దెబ్బ తగిలినప్పుడు ఏకాగ్రత నిలుపుకునే పాచికకు అడ్వాంటేజ్ (రెండుసార్లు వేసి మంచిది తీసుకోవడం) వస్తుంది, శత్రువు పారిపోతున్నప్పుడు ఆయుధం బదులు మంత్రంతో కొట్టవచ్చు. స్పిరిట్ గార్డియన్స్ వేసి ముందు వరుసలో నిలబడే క్లెరిక్‌కు ఏకాగ్రత లాభమే అన్నిటికంటే పెద్దది. 2014లో ఈ ఫీట్ తీసుకుంటే వివేకం పెంచుకునే అవకాశం పోతుంది. 2024లో వచ్చిన కొత్త నిబంధనల పుస్తకంలో ఒక పాయింటు కూడా కలిపి ఇస్తున్నారు, కాబట్టి అక్కడ సందేహించనక్కరలేదు.

ఒక జాగ్రత్త. వార్ కాస్టర్ ముద్రకే పనికొస్తుంది, సామగ్రికి కాదు. కత్తి, డాలు పట్టిన ఎల్డ్రిచ్ నైట్ (మంత్రాలు కూడా వేసే యోధుడు) సామగ్రి సంచిలో చెయ్యి పెట్టాలంటే ఫీట్ ఉన్నా ఒక చెయ్యి ఖాళీ కావలసిందే.

తాయెత్తు సంగతి చాలామందికి తెలియదు. మెడలో ధరించిన చిహ్నం సామగ్రి బదులు నిలుస్తుంది. కానీ దాన్ని ఏ చెయ్యీ పట్టుకోవడం లేదు కదా. అప్పుడు ముద్రకు విడిగా ఖాళీ చెయ్యి కావాలి. తాయెత్తు, గద, డాలుతో బ్లెస్ కూడా పడదు! డాలు మీద చిహ్నం ఉన్నప్పుడే డాలు చెయ్యి ఫోకస్ చెయ్యి అవుతుంది. 2020లో వచ్చిన టాషా అనే అదనపు నిబంధనల పుస్తకంలోని ఆమ్యులెట్ ఆఫ్ ద డివౌట్ దొరికితే మెడలో వేసుకోండి, దాని ప్లస్ ధరించినంతసేపూ వస్తుంది. డాలు మీద చిహ్నాన్ని మాత్రం చెరపకండి.

#12 నల్లమల_డ్రూయిడ్

ప్రకృతి మంత్రాలు వేసే డ్రూయిడ్‌ల గోడు కూడా వినండి. మాకు డాలు శిక్షణ ఉంది, కానీ డాలు మా ఫోకస్ కాదు. చెక్క కర్ర ఫోకస్, అదే ఆయుధం కూడా. ఒక చేతిలో చెక్క డాలు, మరో చేతిలో కర్ర పట్టుకుంటే ఎం ఉన్న మంత్రాలన్నీ కర్ర చేత్తోనే పడతాయి: షిలేలీ, మూన్‌బీమ్, హీట్ మెటల్. ఫేరీ ఫైర్‌కు, హీలింగ్ వర్డ్‌కు నోరు చాలు. ఎంటాంగిల్, థండర్‌వేవ్, కాల్ లైట్నింగ్, కంజూర్ యానిమల్స్ వేయాలంటే కర్ర పక్కన పెట్టాలి.

నాకు ఇది భారం అనిపించదు, ఇష్టం. మంత్రాలు సిద్ధం చేసుకునేటప్పుడు దాని శక్తితో పాటు నా చేతుల పరిస్థితి కూడా చూసుకుంటాను. ఇరుకు గుహలోకి వెళ్తున్నామంటే డాలు పట్టి, కర్రతో పడే మంత్రాలే ఎక్కువ పెట్టుకుంటాను. బయట మైదానంలో అయితే డాలు వీపుకు తగిలించి వెళ్తాను. డాలు ధరించడానికో తీయడానికో ఒక యాక్షన్ పోతుంది కాబట్టి పోరాటం మొదలయ్యాక మనసు మార్చుకోవడం ఖరీదైన పని. ముందే ఊహించి సిద్ధపడటంలో ఉన్న ఆనందం డ్రూయిడ్ ఆటలో పెద్ద భాగం.

లోహపు డాళ్ల నిషేధాన్ని 2024 పుస్తకం ఎత్తేసింది. ఆ నిషేధం ఉండవలసిందని నా కోరిక, కానీ అది వేరే చర్చ.

#13 ఆయుధశాల

ఆట నిబంధనలతో పాటు అసలు డాళ్ల గురించి కూడా కాస్త. డాలు చేతిని ఎంత కట్టేస్తుందన్నది దాని పట్టు మీద ఆధారపడి ఉంటుంది. వైకింగ్‌ల గుండ్రటి డాలుకు మధ్యలో ఒకే పిడి ఉంటుంది, పిడికిలి పూర్తిగా దానికే. ముంజేతికి పట్టీలతో కట్టుకునే డాలు వేరు. గుర్రం మీది యోధుడు డాలు చేత్తోనే కళ్లెం కూడా పట్టుకోగలిగేవాడు. మన దేశపు గుండ్రటి తోలు, ఉక్కు డాళ్లకు లోపల రెండు పట్టీలు, వేళ్ల కణుపులకు దెబ్బ తగలకుండా ఒక మెత్త ఉంటాయి. బయట కనిపించే నాలుగు బొడిపెలు ఆ పట్టీల కొక్కేలను బిగించి ఉంచేవే. హైదరాబాద్ వాళ్లు సాలార్‌జంగ్ మ్యూజియం ఆయుధాల గదికి వెళ్లినప్పుడు బొడిపెలను చూసి లోపలి పట్టీలను ఊహించుకోండి.

బక్లర్ విషయంలో ఆటలు చరిత్రకు దూరం జరిగాయి. మూడున్నర ఎడిషన్, పాత్‌ఫైండర్ అనే మరో ఆట రెండూ దాన్ని ముంజేతికి కట్టే చిన్న డాలుగా చూపిస్తాయి. 1300 ప్రాంతపు జర్మన్ కత్తిసాము చిత్రపుస్తకం ఒకటి లీడ్స్‌లోని రాయల్ ఆర్మరీస్‌లో ఉంది. అందులో బక్లర్ పిడికిట్లో పట్టేది, చెయ్యి చాచి ముందుకు తోసేది. ఆ బక్లర్ పట్టిన చేత్తో వేళ్ల ముద్ర కుదరదు. పట్టీల డాలు అయితే వేళ్లకు కొంత స్వేచ్ఛ ఉంటుంది. కాబట్టి మీ ప్రపంచంలో డాలుకు పట్టీలున్నాయా, పిడి ఉందా అని డీఎం ముందే చెబితే ఈ నిబంధనకు రూపం వస్తుంది.

#14 రెండో_బాట

ఆయుధశాల గారు పాత్‌ఫైండర్ పేరు ఎత్తారు కాబట్టి దాని రెండో ఎడిషన్ సంగతి. అక్కడ డాలు పట్టుకున్నంత మాత్రాన రక్షణ రాదు. వంతుకు ఉన్న మూడు యాక్షన్లలో ఒకటి ఖర్చు చేసి డాలు ఎత్తాలి, అప్పుడే మామూలు డాలుకు ప్లస్ 2. ఎక్కువ మంత్రాలకు రెండు యాక్షన్లు పోతాయి. మంత్రం వేసి, డాలు ఎత్తితే వంతు పూర్తి, కదలడానికి ఏమీ మిగలదు. ఘర్షణ చేతుల దగ్గర కాకుండా సమయం దగ్గర పెట్టారు. ఎవరి చేతిలో ఏముందో తగాదా పడే అవసరం చాలావరకు తగ్గింది.

అయినా దండానికి, కర్రకు మాత్రం చెయ్యి కావాలి. బక్లర్ కట్టిన చేతిలో ఆయుధం కాని తేలికపాటి వస్తువు ఉన్నా ఆ బక్లర్‌ను ఎత్తవచ్చు. దండం తేలికది, ఆయుధం కాదు. కాబట్టి బక్లర్, దండం ఒకే చేతికి సరిపోతాయి, రెండో చెయ్యి మిగులుతుంది. కర్రతో ఇది కుదరదు, అది ఆయుధం కూడా. డాలు, మంత్రసాధనం కలిపి వాడాలనుకునేవారికి నాకు తెలిసిన ఆటల్లో ఇంతకంటే సుఖమైన ఏర్పాటు లేదు. బక్లర్ రక్షణ ప్లస్ 1 మాత్రమే, ఆ మేరకు వదులుకోవాలి.

#15 విశాఖ_విజార్డ్

నేల మీద గద వదిలేసే ఉపాయం గురించి ఒక మాట మిగిలిపోయింది. 2024 పుస్తకంలో ఆయుధం తీయడం, దాచడం, వదిలేయడం అన్నీ అటాక్ యాక్షన్‌లో చేసే ఒక్కో దాడికి ఒకటి చొప్పున కట్టారు. మంత్రం వేసే వంతులో అటాక్ యాక్షన్ ఉండదు కాబట్టి వంతుకు ఒకసారి దొరికే మామూలు వస్తువు చర్యే మిగులుతుంది. గద వదలడానికి ఆ చర్య వాడితే ఎత్తుకోవడానికి మరొకటి ఉండదు. నేనైతే దీన్ని అలాగే చదువుతాను. 2014లోనూ నాకు ఆ ఉపాయం నచ్చేది కాదు. వంతెన మీద, పడవలో, ఎగిరే జంతువు వీపు మీద గద వదిలేస్తే అది అక్కడే ఉంటుందని ఎవరు చెప్పారు?

#16 గదాధరి

మా బృందంతో మాట్లాడాను. నిర్ణయం ఇది. 2014 పుస్తకం ప్రకారమే నడుస్తాం. గద వదిలేసి అదే వంతులో ఎత్తుకోవడం లేదు. తగిలించుకోవడం, తీసుకోవడం రెండూ ఆ వంతు చర్య కిందే లెక్క. శిలాఫలకం గారి జాబితాను క్లెరిక్ ఆటగాడు తన మంత్రాల కాగితం మీద మూడు రంగుల్లో గుర్తు పెట్టుకున్నాడు, ఇక ఆట మధ్యలో వెతకనక్కరలేదు. డాలస్_రాత్రులు గారు అన్న కొత్త ఆటగాళ్ల ఇబ్బంది నిజమైనదే కాబట్టి మరొకటి కలిపాను. ఎవరైనా చేతులు చాలని మంత్రం చెబితే, యాక్షన్ పోయినట్టు లెక్కించకుండా అక్కడే చెప్పి మార్చుకోనిస్తాను.

#17 డాలస్_రాత్రులు

ఆ చివరి మాట చాలు గదాధరి గారూ. నా టేబుల్ దారి నాదే అయినా, మీ టేబుల్ దగ్గర ఆడటానికి నాకు అభ్యంతరం ఉండదు.

#18 కొత్తాటగాడు

చర్చ అంతా చదివాక నా మొదటి పాత్రగా ఆర్టిఫిసర్‌ను ఎంచుకున్నాను, డాలుతోనే. అతనికి పవిత్ర చిహ్నం లేదు. పనిముట్లు చేతిలో ఉండాలని రాసి ఉంది. అంటే డాలు, పనిముట్లతో రెండు చేతులూ అయిపోయి ఆయుధం పట్టలేనా?

#19 శిలాఫలకం

మొదటి లెవెల్‌లో అంతే. ఒక చేతిలో పనిముట్లు, మరో చేతిలో డాలు, ఆయుధం నడుముకు. రెండో లెవెల్‌లో ఇన్‌ఫ్యూజన్లు (వస్తువులో మహిమ నింపే శక్తులు) వస్తాయి. మీరు మహిమ నింపిన వస్తువు ఏదైనా ఫోకస్ అవుతుంది. డాలుకే ఎన్‌హాన్స్‌డ్ డిఫెన్స్ నింపండి. రక్షణకు ఇంకో 1 కలుస్తుంది, డాలే ఫోకస్ అవుతుంది.

క్లెరిక్‌కు లేని వెసులుబాటు ఇక్కడ ఒకటుంది. ఆర్టిఫిసర్ వేసే ప్రతి మంత్రానికీ, పుస్తకంలో ఎం లేకపోయినా, ఎం ఉన్నట్టే లెక్కించమని ఆ తరగతి నిబంధన చెబుతుంది. ఎం ఉంటే ఫోకస్ పట్టిన చెయ్యే ముద్ర వేస్తుంది. కాబట్టి క్యూర్ వూండ్స్ కూడా డాలు చేత్తోనే పడుతుంది, ఫీట్ అక్కర్లేదు. వెల ఉన్న సామగ్రికి మాత్రం ఇది వర్తించదు. చనిపోయినవారిని బతికించే రివివిఫై వేయాలంటే 300 నాణేల వజ్రాలు నిజంగానే చేతిలోకి తీసుకోవాలి, అప్పుడు ఆయుధం దించక తప్పదు. వజ్రాలు మూట అడుగున కాకుండా నడుము సంచిలో ఉన్నాయని మీ డీఎంకు ముందే చెప్పి పాత్ర కాగితం మీద రాసుకోండి.